కూల్చే ముందు చదవవలసిన పాఠం



ప్రతి ఏటా ఈ సంచికలో మేము పిల్లల చదువుల గురించే రాస్తూ వచ్చాము. ఈసారి కట్టడాల గురించి రాస్తున్నామంటే కొందరికి వింతగా అనిపించవచ్చు. మేము ఇంజనీర్లం కాదు. ఏళ్ల తరబడి సాంఘిక శాస్త్రం చెబుతున్న బడిపంతులం. అయితే వచ్చే సర్వసభ్య సమావేశంలో మన ముందుకు రాబోయే ఒక ప్రశ్న పిల్లల చదువుతోనే ముడిపడి ఉంది. బజారులో మన సంస్థకున్న పాత మల్గీల భవనాన్ని కూల్చి మూడంతస్తుల కాంప్లెక్సు కట్టాలా, లేక మరమ్మతు చేసి నిలుపుకోవాలా అన్నదే ఆ ప్రశ్న.

ఆ భవనం మీలో చాలామందికి తెలిసినదే. కింద ఆరు మల్గీలు, పైన కుతుబ్‌ఖానా. మల్గీల అద్దెతో ఏటా మన ఆడపిల్లల కాలేజీ ఫీజులు కడుతున్నాము. పై హాలులో సాయంత్రం పూట పదో తరగతి, ఇంటర్ పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. ఇప్పుడు రెండు చోట్ల మిద్దె కారుతోంది. వెనక గోడకు పెచ్చులు ఊడుతున్నాయి. ఏదో ఒకటి చేయక తప్పదు. ఏం చేయాలో విషయం తెలుసుకుని నిర్ణయించుకుందామనే ఈ పాఠం.

ముందుగా మా తప్పు

ఇతరులకు పాఠం చెప్పే ముందు మా తప్పు ఒప్పుకోవాలి. పన్నెండేళ్ల క్రితం మా పట్టణంలో ఒక పాత ముసాఫిర్‌ఖానా ఉండేది. దాని కమిటీ వారు పెద్దమనుషులను పిలిచి సలహా అడిగారు. పిలిచినవారిలో మేమూ ఉన్నాము. "పాతబడింది, కూల్చేద్దాం, కాంప్లెక్సు కడితే అద్దెలు పదింతలు వస్తాయి" అన్నారు. గోడలు ఎందుకు పాడయ్యాయి, బాగుచేస్తే ఎంతవుతుంది అని ఒక్కరమూ అడగలేదు. చేతులెత్తమంటే మేమూ ఎత్తాము.

కూల్చిన రోజు టేకు దూలాలు లారీకెక్కుతుంటే చూశాము. వాటిని కూల్చివేత గుత్తకిచ్చినప్పుడే లెక్క వేయకుండా రాసిచ్చేశారని తర్వాత తెలిసింది. కాంప్లెక్సు పునాదుల దగ్గరే రెండేళ్లు ఆగింది. పూర్తయ్యాక ముందు వరుస దుకాణాలు అద్దెకు పోయాయి. లోపలి వరుసకు, పై అంతస్తుకు నేటికీ తాళాలే. ముసాఫిర్‌ఖానా అరుగు మీద నలభై ఏళ్లు పుస్తకాలకు బైండింగ్ చేసిన ఒక పెద్దాయన కొత్త అద్దె కట్టలేక ఇంటికే పరిమితమైపోయారు. అన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. రోగిని వెంటబెట్టుకుని జిల్లా ఆసుపత్రికి వచ్చే పల్లెటూరి మనిషి ఒక రాత్రి తలదాచుకునే చోటు పోయింది. ఆ చోటు కోసమే ఎవరో ఒకప్పుడు ఆ స్థలమిచ్చారు.

ఆ రోజు మేము అడగవలసిన ప్రశ్నలు ఈ రోజు అడుగుతున్నాము.

మొదటి పాఠం: గోడ ఊపిరి

పాత గోడ ఎందుకు పెచ్చులూడుతుంది? వానకు తడిసి అంటాము. కానీ వందేళ్లు వానకు తడిసినా చెడని గోడ ఈ పదిహేనేళ్లలోనే ఎందుకు చెడింది?

దీనికి జవాబు ఒక ముసలి మేస్త్రీ చెప్పారు. మన భవనం వెనక గోడను చూపించడానికి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాము. ఆయన పైపెచ్చును గోటితో గీరి, లోపలి పొడిని నాలుకకు తాకించి, "ఉప్పు పట్టింది సార్. సున్నం గోడకు సిమెంటు కోటు తొడిగినారు. చెమట ఎటు పోతది?" అన్నారు. సైన్సు పుస్తకం పేజీన్నరలో చెప్పే సంగతి ఆయన రెండు మాటల్లో చెప్పారు.

వివరంగా చూద్దాం. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడు పోయి పొడి సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుస ఉడుకుతుంది. ఆ తడి సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి గోడకు వాడతారు. గోడ మీద అది గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లమెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. అందుకే సున్నపు పని ఆరడానికి రోజులు కాదు, నెలలు పడుతుంది. మన పూర్వపు మేస్త్రీలు అందులో బెల్లం, కరక్కాయ నీరు, మారేడు గుజ్జు వంటివి కలిపేవారు. అలా చేస్తే గచ్చు గట్టిపడి, పగుళ్లు తగ్గేవి.

ఇలా కట్టిన గోడలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. నేల నుంచి, వాన నుంచి చేరిన తేమ ఆ దారిన ఆవిరై పోతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే దారి మూసుకుపోతుంది. తేమ లోపలే ఉండి, ఇటుకలోని లవణాలను కరిగించి పూత వెనకకు తెస్తుంది. అక్కడ అవి గడ్డకట్టి ఉబ్బి, పూతతో పాటు ఇటుక ముఖాన్నీ ఊడదీస్తాయి. అప్పుడు మనం "పాత గోడ కదా, చెడిపోయింది" అంటాము. నిజానికి చెడగొట్టింది కొత్త పూత.

మన వెనక గోడకు సిమెంటు పూత వేయించింది పదిహేనేళ్ల క్రితం, దాతల డబ్బుతోనే. ఇచ్చినవారి నియ్యత్ మంచిదే. పని చేయించిన మాకే తెలియలేదు. సిమెంటు చెడ్డదని మేము అనడం లేదు. కాంక్రీటు కట్టడానికి అది ప్రాణం. సున్నపు కట్టడానికి మాత్రం సరిపడని మందు.

రెండో పాఠం: బూడిదైపోయిన బొగ్గు

పర్యావరణానికి మేలు చేసే కట్టడం అనగానే అద్దాల గోడలు, సోలార్ పలకలు, ఖరీదైన కొత్త సామాను గుర్తుకొస్తాయి. బడిలో మేము పిల్లలకు ఈ లెక్క ఇంకో వైపు నుంచి చెబుతాము.

ఇటుక బట్టీలో కాలాలి. సిమెంటు కొలిమిలో సుమారు 1,450 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఉక్కు కరగాలి. వీటన్నిటికీ బొగ్గో, నూనెో, కరెంటో కావాలి. ప్రపంచంలో మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడులో 7 నుంచి 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయి నుంచే వచ్చే వాయువు కొంత, కొలిమికి పెట్టే మంట నుంచి వచ్చేది కొంత. నిలిచి ఉన్న పాత భవనానికి కావలసిన ఇటుకలు ఎన్నడో కాలిపోయాయి. ఆ బొగ్గు ఎన్నడో బూడిదైంది. కూల్చితే ఆ ఖర్చంతా మట్టిలో కలిసినట్టే. మళ్లీ మొదటి నుంచి కాల్చుకురావాలి. పైగా కూల్చిన శిథిలాలను ఎక్కడికో మోయాలి. చాలా ఊళ్లలో అవి చెరువు గట్టుకే చేరుతున్నాయి. అలా చేయరాదని 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది.

ఇక ఎండాకాలం సంగతి. మందపు గోడ పగటి ఎండను వెంటనే లోపలికి రానివ్వదు. వేడి గోడ దాటేసరికి పొద్దుగూకుతుంది. ఎత్తైన కప్పు కింద వేడిగాలి పైకి లేచి, రోషన్‌దాన్ల గుండా బయటికి పోతుంది. ముందున్న వరండా, కిటికీల పైన ఛజ్జా గోడకు నీడనిస్తాయి. కిందటి మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మా పిల్లలు థర్మామీటరుతో కుతుబ్‌ఖానా హాలులోనూ, పక్క వీధిలోని ఒక కొత్త రేకుల గదిలోనూ కొలిచారు. పాత హాలు చల్లగా ఉందని తెలుసుకోవడానికి అసలు థర్మామీటరు అవసరం లేకపోయింది. రేకుల గదిలో పది నిమిషాలు నిలవలేక పిల్లలే బయటికి వచ్చేశారు. కాంప్లెక్సు కడితే ఆ పిల్లలకు ఏసీ పెట్టాలి. పెట్టిన నాటి నుంచి నెలనెలా దాని బిల్లు కట్టాలి. అది ఎవరి ఫీజు డబ్బులో నుంచి తీస్తామో కూడా అంచనాలో రాయాలి.

మూడో పాఠం: హైదరాబాద్ చెప్పిన సాక్ష్యం

ఇది మా ఒక్కరి మాట కాదు. ఎనిమిదో తరగతి పిల్లలను ఏటా హైదరాబాద్ తీసుకెళతాము. అక్కడ రెండు మూడు చోట్లు ఈ పాఠానికి సాక్ష్యాలు.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో వేలమంది ప్రాణాలు పోయాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా తీసుకున్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ తర్వాత వచ్చినవే. 1912లో నగరాన్ని చక్కదిద్దడానికి ఆరాయిషె బల్దా అనే మండలి ఏర్పడింది. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి ఆ మండలి కట్టించినదే. రాతి కమానుల వరుస, ఆ నీడన నడక దారి, దాని వెనక దుకాణాలు, పైన నివాసాలు. ఎండలో వచ్చిన కొనుగోలుదారుడు నీడన నడుస్తూ కొనుక్కునే ఏర్పాటు. మన మల్గీల భవనం ఆ నమూనాకు చిన్న తమ్ముడు.

అదే మండలి కాలంలో, 1935లో, మొజంజాహీ మార్కెట్ వెలసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కుమారుడు మొజంజా పేరు పెట్టారు. నల్లరాతి కట్టడం, మధ్యలో గడియార స్తంభం, రెండు వైపులా రెక్కల్లా సాగిన దుకాణాలు. ఒకప్పుడు పండ్ల మార్కెట్ ఇక్కడే ఉండేది. అది ఊరి బయటికి తరలిపోయాక కూడా పూలు, అత్తరు, హుక్కా సామాను, ఐస్‌క్రీమ్ దుకాణాలు నిలిచాయి. కానీ కట్టడం మాత్రం క్షీణించింది. ఎవరికి వారు వేసుకున్న రేకులు, గోడలకు దిగేసిన బోర్డులు, వేలాడే తీగలు, కారే కప్పు. మేము మొదటిసారి పిల్లలతో వెళ్లినప్పుడు ఒకమ్మాయి "సార్, గడియారం ఏది?" అని అడిగింది. బోర్డుల మధ్య అది కనబడలేదు.

2018లో మరమ్మతు మొదలైంది. ఏళ్ల తరబడి చేరిన అదనపు కట్టడాలు తీసేశారు. రాతిని కడిగారు. కప్పును బాగుచేశారు. సున్నం పని చేసిన చోట మళ్లీ సున్నమే వాడారు. దుకాణాల బోర్డులన్నీ ఒకే తీరుగా పెట్టించారు. 2020 ఆగస్టులో మార్కెట్ తిరిగి ప్రారంభమైంది. ఇప్పుడు సాయంత్రం వెళితే లోపలి ఆవరణలో కుటుంబాలు ఐస్‌క్రీమ్ తింటూ కనిపిస్తాయి. అక్కడ సంగీత కార్యక్రమాలూ జరిగాయి. వ్యాపారం పోలేదు, సంస్కృతి పోలేదు. కట్టడం మ్యూజియంగా మారి తాళం పడలేదు. మా దృష్టిలో ఇదే ముఖ్యం. కట్టడాన్ని ఏ పనికి కట్టారో ఆ పని అందులో జరుగుతుంటేనే దానికి ఆయుష్షు.

రెండో సాక్ష్యం గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు. 106 ఎకరాల ఆ ఆవరణలో పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో పని మొదలుపెట్టింది. 2024లో ముగించింది. సమాధులు, మసీదులు, హమామ్, బావులు కలిపి వందకు పైగా కట్టడాలు. అక్కడ ముందు చేసిన పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును గోకి తీయడం. తర్వాత గానుగ సున్నంతో మళ్లీ పూయడం. మన మేస్త్రీ నాలుక చెప్పిన మాటే అక్కడ పెద్ద పెద్ద నిపుణులు చెప్పారు. వానలకు కొంత కూలిపోయిన బడీ బావిని తిరిగి కట్టారు. మిగతా బావుల పూడిక తీశారు. ఆ బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఆ నీరే తోటకు పనికొస్తోంది.

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి ఇంకో సంగతి చెబుతుంది. దశాబ్దాలుగా చెత్తకుప్పగా పూడిపోయిన ఆ బావిని లారీల కొద్దీ చెత్త ఎత్తిపోసి బాగుచేశారు. 2022 డిసెంబరులో ప్రారంభించారు. అడుగున ఊటనీరు అలాగే ఉంది. మనం మరచిపోయినా నేల మరచిపోలేదు.

నాలుగో పాఠం: మిద్దె మీది నీళ్లు

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇది మా ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. హైదరాబాద్ ప్రాంతంలో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మిద్దె 200 చదరపు మీటర్లనుకుంటే, 200ను 800తో గుణిస్తే 1,60,000 లీటర్లు. ఐదో వంతు ఆవిరికీ, చిందడానికీ వదిలేసినా 1,28,000 లీటర్లు మిగులుతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకరుకు 25 ట్యాంకర్లకు పైనే. ఇప్పుడు ఆ నీళ్లన్నీ విరిగిన గొట్టం నుంచి వెనక గోడ మీదికే కారుతున్నాయి. గోడను తడిపి పాడుచేస్తున్న నీటినే గుంతలోకి మళ్లిస్తే మన బోరుకు ఆదరువు అవుతుంది.

నీటి విషయంలో మనకు ఆదర్శం కూడా ఉంది. ముహమ్మద్ ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని సహీహ్ హదీసుల్లో ఉంది. ముద్ అంటే మన కొలతలో ముప్పావు లీటరుకు మించదు. ఒకరోజు మా బడిలో నల్లా కింద బకెట్ పెట్టి ఒక అబ్బాయిని మామూలుగా వుజూ చేయమన్నాము. సగం బకెట్ నిండింది. వాడు సిగ్గుపడ్డాడు. మేమూ సిగ్గుపడ్డాము, ఎందుకంటే మేమూ అంతే వాడుతున్నాము.

ఐదో పాఠం: పాతదంతా నిలపాలా?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. పాతదంతా మంచిదని, కొత్తదంతా చెడ్డదని మేము అనడం లేదు. పునాది కుంగిన భవనం, గోడ నిలువునా చీలి పక్కకు ఒరిగిన భవనం, లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటు రాలిపోతున్న శ్లాబు, వీటి కింద పిల్లలను కూర్చోబెట్టడం పాపం. అక్కడ ప్రేమ చూపవలసింది మనిషి మీద, గోడ మీద కాదు. సున్నపు పని కూడా చేసి వదిలేస్తే నిలిచేది కాదు. 2019 మే నెలలో చార్మినార్ మినారు మీది గచ్చు పెచ్చు ఊడి కింద పడింది. కనుక ఏటా వానలకు ముందు చూసుకోవలసిందే.

ఇంకొకటి మరీ ముఖ్యం. 2025 మే 18 తెల్లవారి చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో, కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న ఒక పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది చిన్నపిల్లలు. పైకి వెళ్లడానికి ఇరుకైన దారి ఒక్కటే. ఆ వార్త చదివిన సాయంత్రం మేము కుతుబ్‌ఖానాకు వెళ్లి మెట్ల మీద నిలబడ్డాము. మన భవనానికీ ఒకటే మెట్లదారి. కింద ఒక మల్గీలో బట్టలు, ఇంకొకదానిలో ప్లాస్టిక్ సామాను. మీటర్ల పెట్టె సరిగ్గా మెట్ల కిందే. పైన ఆ రోజు ముప్పైమందికి పైగా పిల్లలు చదువుకుంటున్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మరమ్మతు అంటే రంగు వేయడం కాదు. వెనక వైపు రెండో మెట్లదారి, కొత్త వైరింగు, మీటర్లను మెట్ల దగ్గరి నుంచి తీసేయడం, ఇవి మొదటి మెట్టు. కూల్చుదామనేవారూ, నిలుపుదామనేవారూ ఈ ఒక్క పనికి సమావేశం దాకా ఆగకూడదని మా వినతి. ఎందుకంటే కాంప్లెక్సు కట్టాలని తీర్మానించినా, అది మొదలయ్యే దాకా పిల్లలు ఆ మెట్లే ఎక్కాలి.

ఆరో పాఠం: అద్దె లెక్క

మన పెద్దలు వక్ఫ్ చేసేటప్పుడు మసీదు ఒక్కటే కట్టి వదలలేదు. పక్కనే నాలుగు దుకాణాలు కట్టి, వాటి అద్దెతో మసీదు నడిచే ఏర్పాటు చేశారు. అసలు నిలవాలి, దాని ఫలం పంచాలి. ఇదే వక్ఫ్ సూత్రం. హైదరాబాద్‌లోని మదీనా భవనం అద్దెలు ఒకప్పుడు మదీనా నగరంలోని పేదలకు పంపేవారని పెద్దలు చెబుతారు. మన సంస్థ రిజిస్టరైన సొసైటీ కావచ్చు, మన భవనం కట్టినవారి ఆలోచన మాత్రం ఇదే.

అందుకే అద్దె ఆగకూడదు. కొత్త కాంప్లెక్సు కట్టడానికి రెండున్నరేళ్లు పడుతుందని అనుకుందాం. ఆరు మల్గీలు, 30 నెలలు. అంటే 180 నెలల అద్దె పోతుంది. అదే మరమ్మతు అయితే ఒక్కసారికి రెండు మల్గీలు ఖాళీ చేయించి, మూడు నెలలకొక జత చొప్పున పని చేయవచ్చు. ఆరు మల్గీలకు మూడేసి నెలలు. అంటే 18 నెలల అద్దె మాత్రమే పోతుంది. ఈ తేడా ఎంతమంది అమ్మాయిల ఫీజో మన ఖజాంచీ గారు ఒక నిమిషంలో చెప్పగలరు.

కాంప్లెక్సు పూర్తయితే అద్దె ఎక్కువ రావచ్చు, కాదనము. కానీ ఆ అద్దె ఇచ్చేవారు మన బజారులో ఉన్నారా? ఖాళీ మల్గీలు ఇప్పటికే ఎన్ని ఉన్నాయి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా అంచనా రాస్తే అది ఆశ మాత్రమే అవుతుంది.

దాత అడగవలసిన ప్రశ్నలు

పాఠం చివర ప్రశ్నలుండాలన్నది మా వృత్తి అలవాటు. వీటికి జవాబులు మీరు రాయనక్కరలేదు. మీ దగ్గరికి చందా కోసం వచ్చినవారిని, మమ్మల్ని కూడా, అడగండి.

1. భవనం చెడడానికి కారణం ఏమిటి? దాన్ని చూసింది ఎవరు? సున్నపు కట్టడం తెలిసిన ఇంజనీరు చూశాడా, లేక కూల్చివేత గుత్తదారు మాత్రమే చూశాడా?

2. మరమ్మతు అంచనా, కొత్త భవనం అంచనా రెండూ పక్కపక్కన ఉన్నాయా? పని జరిగే కాలంలో పోయే అద్దె, తర్వాత వచ్చే కరెంటు బిల్లు అందులో రాశారా?

3. పని జరుగుతుండగా మల్గీదారులు ఎక్కడికి పోతారు? తిరిగి వారికే ఇస్తామని రాసి ఇచ్చారా?

4. రెండో మెట్లదారి, వైరింగు, మంటలార్పే సాధనాలు అంచనాలో ఉన్నాయా?

5. కూల్చవలసే వస్తే దూలాలు, తలుపులు, రాళ్లు ఎవరివి? వాటి విలువ ఎవరు లెక్క కట్టారు?

6. అనుమతులు ఎవరి నుంచి కావాలి? వక్ఫ్ ఆస్తి అయితే బోర్డు మాటేమిటి? వారసత్వ కట్టడమైతే చట్టం మాటేమిటి? 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్నే హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వానికే తప్పని జాగ్రత్త మనకూ తప్పదు.

7. పని పూర్తయ్యాక ఏటా చూసుకోవడానికి అద్దెలో కొంత భాగం పక్కన పెడుతున్నారా?

చివరగా ఒక విన్నపం

దాతల మనసు మాకు తెలుసు. కొత్త గది కట్టిస్తే గుమ్మం పైన తల్లిదండ్రుల పేరుతో ఒక శిలాఫలకం పెట్టవచ్చు. కారే మిద్దెకు సున్నం వేయిస్తే ఫలకం ఎక్కడ పెడతారు? తుప్పుపట్టిన వైరు మార్పిస్తే ఎవరికి కనబడుతుంది? అందుకే కొత్త గదులకు చందాలు త్వరగా వస్తాయి, పాత కప్పులు కారుతూనే ఉంటాయి. ఇందులో తప్పు దాతలది కాదు. మరమ్మతు కూడా సదఖయె జారియాయే అని చెప్పవలసిన మేము చెప్పలేదు. ఒకరు నాటిన చెట్టుకు నీళ్లు పోసినవాడికి ఆ నీడలో భాగం ఉండదా?

ఈ సమావేశంలో మేము మరమ్మతుకే చేయి ఎత్తుతాము. అయితే నిలువదగిన గోడేనని ఇంజనీరు రాసి ఇచ్చిన తర్వాతే. ఆయన కాదంటే, మా ఇష్టాన్ని పక్కనబెట్టి కూల్చడానికే ఎత్తుతాము. పన్నెండేళ్ల క్రితం చేయి ఎత్తింది తప్పు కాదు, అడగకుండా ఎత్తడం తప్పు.

మీలో ఎవరైనా ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత కుతుబ్‌ఖానాకు రండి. ఆ మెట్లు ఎక్కి చూడండి. వెనక గోడను చేత్తో తాకి చూడండి. చదువుకుంటున్న పిల్లల పక్కన కాసేపు కూర్చోండి. ఆ తర్వాత మీకు ఏది న్యాయమనిపిస్తే దానికే ఓటు వేయండి. మీరు ఎటు తీర్మానించినా ఆ పిల్లలు క్షేమంగా మెట్లు ఎక్కి దిగేలా అల్లాహ్ మన అందరికీ బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.